ముసురు పట్టకముందే



జూన్ 7, 8 తేదీల్లో మిరుగం వస్తుంది. మిరుగం వచ్చిందంటే మగవాళ్లు మొగులు వంక చూస్తారు. మనం మొగులు వంక ఒకసారి, వంటింట్లో డబ్బాల వంక ఒకసారి చూస్తాం. విత్తనం పొలంలోకి పోయే రోజులు, ఇంట్లో గింజ తగ్గిపోయే రోజులు ఒకటే కావడం మన పల్లెల తీరు. యాసంగి పంట మీద వచ్చిన పైసలు విత్తనాలకు, ఎరువులకు, పిల్లల పుస్తకాలకు అయిపోతాయి. చేతిలో పైసలు ఆడని నెలల్లోనే వాన మనల్ని గడప దాటనివ్వదు. అందుకని ఈ ముసురు రోజుల కోసం ఇంట్లో తిండి నిల్వ ఎట్లా పెట్టుకోవాలో ఈవేళ నాలుగు మాటలు చెప్పుకుందాం.

మంచు కురిసే చోట్ల ఆడవాళ్లకు ఈ విద్య బాగా తెలుసు. కశ్మీరులో చలికాలం మంచు పడితే జమ్మూనుంచి శ్రీనగరుకు పోయే రోడ్డు రోజుల తరబడి మూతపడుతుంది. కూరగాయల లారీలు రావు. అందుకని అక్కడి ఇల్లాళ్లు ఎండలు ఉండగానే వంకాయలు, ఆనపకాయలు, టమాటలు కోసి, దండలు గుచ్చి, చూరుకు వేలాడదీసి ఎండబెట్టుకుంటారు. ఎండబెట్టిన కూరను వాళ్లు 'హొఖ్ స్యూన్' అంటారు. మనం ఒరుగులు అంటాం. వాళ్లది మంచు, మనది ముసురు. దారి మూసుకుపోతే పొయ్యి ఆరిపోకూడదన్న ఆలోచన మాత్రం ఒక్కటే.

'అవన్నీ వెనకటి రోజులమ్మా, ఇప్పుడు బజారుకు పోతే అన్నీ దొరుకుతాయి కదా' అంటారేమో. దొరుకుతాయి, దారి ఉన్నప్పుడు. 2022 జులైలో మన రాయికల్ మండలంలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. బోర్నపల్లి వైపు గోదావరి నడుమ కుర్రులో తొమ్మిది మంది కూలీలు చిక్కుకుపోయారు. వాళ్లు క్షేమంగా బయటపడ్డారు గాని, ఆ వార్త కోసం పోయి తిరిగివస్తున్న విలేఖరి ఒకరు రామోజీపేట దగ్గర వాగులో కారుతో సహా కొట్టుకుపోయి ప్రాణం పోగొట్టుకున్నారు. మరుసటి ఏడు, 2023 జులై ఆఖరులో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అంతకుముందు మన రాష్ట్రంలో ఒక్క రోజున ఎక్కడా అంత వాన నమోదు కాలేదు. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి వైపు రోడ్లు తెగిపోయాయి. సిరిసిల్ల జిల్లాలో నర్మాల దగ్గర మానేరు అవతల చిక్కుకున్న వాళ్లను హెలికాప్టరు వచ్చి తేవలసి వచ్చింది.

వాగు పొంగిన పూట మనవాళ్లు బయటికి ఎందుకు పోతారో ఆలోచించండి. కొందరు కొలువుకు, కొందరు పశువుల కోసం పోతారు. కానీ 'మంచినూనె అయిపోయింది', 'పాలపొడి డబ్బా తేవాలె', 'ఉప్పు లేదు' అన్న చిన్న పనుల మీద బండి తీసేవాళ్లూ ఉన్నారు. జానెడు లోతు నీళ్లే కదా అనుకుంటాం. వేగంగా పారే నీళ్లు జానెడు లోతు కూడా లేకపోయినా పెద్దమనిషిని పడగొట్టగలవు. అడుగు లోతు పారితే చిన్న కారును లేపి ఈడ్చుకుపోగలవు. ఇంట్లో పది రోజుల సరుకు ఉంటే 'తగ్గినంక తెచ్చుకుందాం తియ్యి' అని ఇల్లాలు గట్టిగా చెప్పగలుగుతుంది. నిల్వ పెట్టుకోవడం పొదుపు కోసమే కాదు, మన మనుషులు వాగు దాటకుండా ఉండడం కోసం కూడా.

పది రోజులు అని ఎందుకన్నానంటే, జర్మనీ వంటి ధనిక దేశంలో కూడా 2016లో అక్కడి ప్రభుత్వం ప్రతి ఇంట్లో పది రోజుల తిండి, ఐదు రోజుల తాగునీరు ఉంచుకొమ్మని ప్రజలకు చెప్పింది. అడుగడుగునా దుకాణాలున్న దేశమే అట్లా అనుకుంటే, వాగుకు అవతలున్న ఊళ్లవాళ్లం మనం అనుకోవడంలో తప్పేముంది?

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇంట్లో ఐదుగురు ఉన్నారనుకోండి. పిల్లా పెద్దా కలిపి మనిషికి రోజుకు సగటున 350 గ్రాముల బియ్యం అనుకుంటే, ఐదుగురికి రోజుకు కిలో ముప్పావు, పది రోజులకు పదిహేడున్నర కిలోలు. పప్పు మనిషికి 50 గ్రాముల చొప్పున పది రోజులకు రెండున్నర కిలోలు. నూనె 30 గ్రాముల చొప్పున కిలోన్నర. ఇక కిలో ఉప్పు, అరకిలో చింతపండు, పావుకిలో కారం, కొంచెం పసుపు, మూడు కిలోల ఉల్లిగడ్డలు, రెండు కిలోల ఆలుగడ్డలు, పావుకిలో ఎల్లిగడ్డలు, కిలో బెల్లం, చాయపత్తి, చక్కెర. పసిపిల్లలుంటే పాలపొడి. ఇంతే. ఇది పెద్దింటి గాదె కాదు, ఒక అలమారలో పట్టే సరుకు. ఒక్కసారి కొనలేకపోతే రోహిణి కార్తెలో మొదలుపెట్టి వారానికి రెండు వస్తువుల చొప్పున కూడబెట్టుకోవచ్చు.

బియ్యం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి, కంట్రోలు దుకాణాల్లో మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం ఇస్తున్నారు. ఆ ఏడే జూన్ నెలలో, వానాకాలం ఇబ్బంది ఉండవద్దని, మూడు నెలల బియ్యం ఒక్కసారి ఇచ్చారు. అంటే నలుగురున్న ఇంటికి 72 కిలోలు. ప్రభుత్వం ఇచ్చింది సరే, తేమ గాలి వీచే నెలల్లో ఆ 72 కిలోలు పురుగు పట్టకుండా కాపాడే పని ఎవరి మీద పడింది? మన మీదే.

బియ్యానికి ముక్కపురుగు ఎట్లా పడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. ఆ పురుగు గింజకు చిన్న రంధ్రం చేసి లోపల గుడ్డు పెట్టి, రంధ్రాన్ని మూసేస్తుంది. పైకి గింజ తెల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది. నెల తిరిగేసరికి లోపల పెరిగిన పురుగు గింజను తొలుచుకొని బయటికి వస్తుంది. 'తెచ్చిననాడు మంచిగనే ఉండె, ఎక్కడినుంచి వచ్చినయో' అని ఆశ్చర్యపోతాం. అవి సంచిలోనే వచ్చాయి. కాబట్టి కొత్త బియ్యాన్ని పాతబియ్యంలో కలపకండి. డబ్బా అడుగున మిగిలిన పిడికెడు పాత బియ్యం, మూలల్లో ఇరుక్కున్న నూక మొత్తం తీసి, డబ్బాను కడిగి, ఒకపూట ఎండలో బోర్లించి, ఆరిన తరువాతనే కొత్తవి పొయ్యండి. ఒక పెద్ద డబ్బాకన్న నాలుగు చిన్న డబ్బాలు మేలు. ఒకటి అయిపోయేదాకా రెండోదాని మూత తియ్యకండి. డబ్బాను అంచుదాకా నింపి మూత గట్టిగా పెడితే లోపల గాలి తక్కువై పురుగు పెరగదు. పురుగు కనిపిస్తే బియ్యాన్ని చాటలో చెరిగి నీడన ఆరబోయండి. మండుటెండలో బియ్యం పోస్తే గింజ పగిలి నూకవుతుంది.

గట్టిగా మూత పెట్టేముందు గింజ ఆరిందో లేదో చూసుకోవాలి. తడిగింజను మూసిపెడితే పురుగుకు బదులు బూజు పడుతుంది. దీనికి సులువైన పరీక్ష ఒకటుంది. పొడిగా ఉన్న గాజుసీసాలో రెండు చెంచాల వేయించిన పొడి ఉప్పు, మూడు నాలుగు పిడికిళ్ల గింజలు వేసి, మూతపెట్టి కాసేపు ఊపండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజలో తేమ ఉన్నట్టు. ఉప్పు రాలిపోతే గింజ ఆరినట్టు. వడ్లకు, జొన్నలకు, మక్కలకు ఇదే పరీక్ష పనికివస్తుంది.

పప్పుల సంగతికి వస్తే, గుండు గింజకు అంటే పెసర్లు, బొబ్బర్లు, కందులు, శనగలకు పుచ్చుపురుగు ఎక్కువ. పప్పు చేసినదానికి అంత పట్టదు. అందుకే మన పెద్దలు కందులను ఎండలు ముదరకముందే విసిరి పప్పు చేసి ఉంచేవారు. గుండు గింజలు ఉంచుకోవాలంటే మే నెలలో రెండు మూడు ఎండలు బాగా తగలనిచ్చి, చల్లారాక, కిలోకు ఒక చిన్న చెంచా ఆముదం అరచేతులతో పట్టించండి. గింజ మీద పురుగు పెట్టిన గుడ్డుకు నూనెపొర వల్ల గాలి ఆడదు. వండేముందు వేడినీళ్లతో కడిగితే ఆముదం పోతుంది. ఎండు వేపాకు అడుగునా పైనా వేసుకోవచ్చు. కాని ఆకు కరకరలాడేటట్టు ఎండి ఉండాలి. పచ్చి ఆకు వేస్తే మనమే తేమ పెట్టినట్టు.

రవ్వను వేయించి పెట్టుకోండి. శనగపిండి, మక్కపిండి, బియ్యప్పిండి వానాకాలంలో పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించుకోండి. కారం కన్న ఎండుమిరపకాయలు ఎక్కువ రోజులు నిలుస్తాయి. చింతపండును గింజ తీసి, ఉప్పు చల్లి, జాడీలో అదిమి పెడితే పాడు కాదు.

పల్లీల దగ్గర మాత్రం జాగ్రత్త. బూజు పట్టిన పల్లీలను తుడిచి, వేయించి వాడేవారున్నారు. పల్లీలకు, మక్కలకు పట్టే ఆకుపచ్చని, పసుప్పచ్చని బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కడిగినా, వేయించినా పూర్తిగా పోదు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో దీనిమీద ఏండ్ల తరబడి పరిశోధన జరిగింది. రంగు మారినవి, ముడుచుకుపోయినవి, చేదుగా ఉన్నవి పారెయ్యడమే మంచిది. బర్రెకు వేసినా నష్టమే. ఆ విషం కొంత పాలలోకి వస్తుంది.

ఇప్పుడు నేను చెప్పబోయేది దయచేసి శ్రద్ధగా చదవండి, చదువురాని వాళ్లకు చెప్పండి. పురుగు పట్టకుండా వడ్ల సంచుల నడుమ, బియ్యం డబ్బాల్లో మందుబిళ్లలు పెట్టే అలవాటు కొన్ని ఇండ్లల్లో ఉంది. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలవి. గాలిలో తేమ తగిలితే చాలు, వాటిలోనుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. అది గోదాముల్లో శిక్షణ పొందినవాళ్లు, మనుషులను బయటికి పంపి, తలుపులు మూసి వాడవలసిన మందు. మన ఇండ్లల్లో సంచులు ఎక్కడుంటాయి? పడుకునే అర్రలోనే. ముసురు రోజుల్లో గాలిలో తేమ ఎక్కువ, కిటికీలు మూసే ఉంటాయి. రాత్రి పిల్లలు ఆ సంచుల పక్కనే పడుకుంటారు. పురుగు పట్టిన బియ్యాన్ని చెరుగుకోవచ్చు. పోయిన ప్రాణాన్ని తెచ్చుకోలేం. ఎవరు ఇచ్చినా ఆ బిళ్లలు ఇంట్లోకి రానీయకండి. ఇల్లు మూసి ఉన్నప్పుడు సంచుల దగ్గర ఎల్లిగడ్డ వాసనో, చేపలు కుళ్లిన వాసనో వచ్చి, తల తిరగడం, వాంతులు కావడం కనిపిస్తే, వెంటనే అందరూ బయటికి వచ్చి దవాఖానకు పోవాలి. బియ్యంలో బోరిక్ పొడి కలపడం కూడా మంచిది కాదు. అది క్యారంబోర్డు మీద చల్లేదే గాని కడుపులోకి పోయేది కాదు.

ఒరుగుల మాట మొదట్లో అన్నాను. గోకరకాయ, వంకాయ, కాకరకాయ, టమాట, బెండకాయ ఎండల్లో అగ్గువగా దొరికినప్పుడు ముక్కలు కోసి, ఉప్పునీళ్లలో ఒక ఉడుకు రానిచ్చి, పలుచటి గుడ్డ కప్పి ఎండబెట్టండి. విరిస్తే పటుక్కుమనాలి. వంగితే ఇంకా ఎండాలి. చల్లమిరపకాయలు, వడియాలు, మామిడికాయ తొక్కు ఎట్లాగూ పెట్టుకుంటాం. తొక్కు మీద వేలెడు మందాన నూనె తేలుతూ ఉండాలి. జాడీలో తడిగరిటె పెట్టకూడదని మనకు తెలుసు. తెలియని పిల్లల కోసం వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసి, పెద్ద జాడీ వాసెన కట్టి పైన పెట్టండి.

ఈ సరుకుతో రోజూ పప్పన్నమేనా అని పిల్లలు మూతి ముడుస్తారు. పొయ్యి వెలిగించకుండానే చింతపండు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయతో పచ్చిపులుసు అవుతుంది. శనగపిండితో పిట్ల, బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఎల్లిగడ్డ వేసి సర్వపిండి, మక్కరవ్వతో గట్క, ఉలవలతో చారు, ఒరుగుల పులుసు. ఒకపూట బెల్లం కలిపిన అటుకులు. పది రోజులు పది తీర్ల వండవచ్చు. ముసురుకు సర్వపిండి వాసన వస్తే పక్కింటి పిల్లలు కూడా పిలవకుండా వస్తారు.

తిండితోపాటు చూసుకోవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. గ్యాసుబండ నిండుది ఒకటి ముందే తెచ్చి పెట్టుకోవాలి. కట్టెలపొయ్యి ఉన్నవాళ్లు పది రోజుల ఎండు కట్టెలు, పిడకలు పందిరి కింద ఎత్తు మీద పేర్చుకోవాలి. అగ్గిపెట్టెలు సీసాలో వేసి మూత పెట్టాలి. కరెంటు లేకపోతే మోటరు నడవదు, నల్లా రాదు. ఐదుగురికి మూడు రోజులు తాగడానికి మూడు బిందెల నీళ్లు మూతపెట్టి ఉంచాలి. వాననీళ్లు, వరదనీళ్లు కలిసిన బావినీళ్లను బుడగలు తెర్లేదాకా మరిగించనిదే తాగకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి, కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. ఉప్పు ఎక్కువ కారాదు. బీపీ, షుగరు గోలీలు నెలకు సరిపడా ఉన్నాయో లేదో ముసలివాళ్లను అడిగి చూసుకోండి. సరుకంతా నేలమీద కాకుండా బల్లమీదో, ఇటుకలమీద చెక్కవేసో, గోడకు జానెడు దూరంగా పెట్టండి. వరదనీళ్లలో తడిసిన గింజలు ఎన్నున్నా తినడానికి పనికిరావు. ఆ నీళ్లలో ఏమేమి కలిసి వచ్చిందో ఎవరికి తెలుసు?

ఇదంతా కొనగలిగినవాళ్ల మాట. కైకిలికి పోయే చెల్లెలు, బీడీలు చేసే అక్క 'మాకు ఇయ్యాల్టి పూట గడిస్తే చాలు, పది రోజులది ఎక్కడ తేవాలె' అంటే ఏం జవాబు చెబుతాం? ముసురు పడితే కైకిలి ఉండదు. సిరిసిల్లలో కరెంటు పోతే సాంచాలు ఆగుతాయి, కూలీ ఆగుతుంది. మగవాళ్లు దుబాయి, మస్కట్ పోయిన ఇండ్లల్లో పైసలు వచ్చేదాకా ఉద్దెర మీదనే నడుస్తుంది. ఉద్దెర సరుకుకు ధర ఎక్కువ, మాట పడడం ఎక్కువ.

దీనికి దారి మన ఆడవాళ్లే చూపించారు. జహీరాబాదు వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువమంది దళిత స్త్రీలు, పడావు పడ్డ భూముల్లో జొన్నలు పండించి, ఊరిలోనే నిల్వచేసి, కరువు నెలల్లో పేద ఇండ్లకు తక్కువ ధరకు ఇచ్చుకున్నారు. 1990ల్లో మొదలైన ఆ పనికి పేరు వచ్చి, 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్లు వాడినవి మన తాతమ్మలు వాడిన గుమ్ములే, వేపాకే. మన మహిళా సంఘాల్లో నెలనెలా పైసలు కడుతున్నాం. పది మంది కలిసి మే నెలలో ఒక్కసారి పప్పు, నూనె, చింతపండు టోకున తెచ్చి పంచుకుంటే కిలోకు ఎంతో కొంత మిగులుతుంది. అదీ కుదరకపోతే, వండేటప్పుడు పూటకో పిడికెడు బియ్యం వేరే గురిగిలో వెయ్యండి. పిడికెడు 40 గ్రాములనుకున్నా, రెండు పూటలా వేస్తే నెలకు దాదాపు రెండున్నర కిలోలు అవుతుంది.

అయితే ఆ పిడికెడు ఎవరి కంచంలోనుంచి తీస్తున్నామో చూసుకోవాలి. చాలా ఇండ్లల్లో సరుకు తగ్గినప్పుడు మొదట తగ్గేది ఇల్లాలి తిండే. అందరికీ పెట్టినంక అడుగున మిగిలింది తిని, నీళ్లు తాగి పడుకునే తల్లులు మనకు కొత్తకాదు. బాలింతలు, కడుపుతో ఉన్నవాళ్లు కూడా అట్లాగే చేస్తారు. పది రోజుల సరుకు లెక్క వేసినప్పుడు 'ఐదుగురికి' అన్నాను. ఆ ఐదుగురిలో మీరూ ఒకరు. మీ వాటా కూడా కొలిచి వెయ్యండి.

చివరగా, నిల్వ వేరు, దాచిపెట్టడం వేరు. పది రోజులకు సరిపడా ఉంచుకోవడం నిల్వ. ధర పెరుగుతుందన్న భయంతో నెలలకొద్దీ కొని, పక్కింటికి దొరకకుండా చెయ్యడం మంచిపని కాదు, చివరికి అది పురుగుల పాలే అవుతుంది. ముందు తెచ్చింది ముందు వండాలి. డబ్బా మీద ఒక కాగితం అంటించి తెచ్చిన తేదీ రాయండి. చదువుకునే పిల్లలకు ఆ పని ఒప్పజెప్పండి, వాళ్లకూ ఇంటి లెక్క తెలుస్తుంది. వాన నాలుగు రోజులు వదలకుండా పడితే, మీ వాడలో ఒంటరిగా ఉన్న ముసలమ్మ ఇంట్లో పొగ వస్తున్నదో లేదో ఒకసారి చూసి రండి. సోలెడు బియ్యం, గిద్దెడు పప్పు ఇచ్చినంత మాత్రాన మీ డబ్బా ఖాళీ కాదు.

ఎండలు ఉండగానే డబ్బాలు దించి, కడిగి, ఆరబెట్టండి. మిగతా పనులు దానివెంట అవే నడుస్తాయి. సెలవు.